ఓడిపోయే కావలి

వేడినీళ్ళు పోసిన తవుడుకు ఒక వాసన ఉంటుంది. కమ్మగా ఉందనలేం, బాగాలేదనలేం. దూరపు చుట్టం లాంటిది. వచ్చి కూర్చుంటే లేవమనలేం. ఈరోజు పొద్దున మా నెల్లూరు వీధి చివర పాలవాళ్ళు గేదెకు తవుడు కలుపుతుంటే ఆ వాసన కిటికీలోంచి నా కాఫీ దాకా వచ్చింది. గ్లాసు ఎడమచేతిలో ఉంది. కుడిచెయ్యి తనంతట తానే గాలిలోకి లేచి, దేనికోసమో వెతుక్కుని, దొరకక మళ్ళీ మోకాలి మీదకు వచ్చి పడింది. అది వెతుక్కున్నది వెదురుకర్రను. తవుడు వాసన వచ్చిందంటే చేతిలో కర్ర ఉండాలని ఆ చేతికి నేర్పిన మనిషి సంతోషమ్మగారు. నా మొదటి ఉద్యోగం బడిపంతులమ్మ ఉద్యోగమని సర్కారు కాగితాలు చెబుతాయి. నిజానికి అది కోళ్ళ కావలి. అది కూడా గెలిచే కావలి కాదు, రోజూ శ్రద్ధగా ఓడిపోవలసిన కావలి.

సంతోషమ్మగారు బిట్రగుంటలో నేను చేరిన బడికి హెడ్మిస్ట్రెస్. పొడుగ్గా, నిటారుగా, ఇస్త్రీ చేసిన తెల్లచీరలో నల్లబల్ల పక్కన నిలబడితే ఆవిడ కూడా బడి గోడలో భాగమే అనిపించేది. పేరులో ఉన్న సంతోషాన్ని పొదుపుగా వాడేది. ముఖం మీదకు ఎప్పుడో పండక్కి తీసేది. నాకు అప్పటికి ఇరవై నిండీ నిండని వయసు. మనుబోలు పక్కన వరి పండించుకునే ఇంటి పిల్లను. పెళ్ళికాని పిల్లకు ఊరుకాని ఊళ్ళో ఇల్లెక్కడ దొరుకుతుందని మా నాన్న బెంగపడుతుంటే, ఆవిడ తన పెంకుటింట్లో ముందు గది ఇచ్చింది. బడిలో ఆవిడ టీచరుగారు. దొడ్డి గుమ్మం దాటితే అక్క. ఆ గుమ్మం దగ్గర పిలుపు మార్చడం మర్చిపోయి, ఒకసారి పిల్లలందరి ముందూ "అక్కా" అన్నాను. ఆవిడ సుద్దముక్క కింద పెట్టి, "అక్క ఇంటికాడుంది. ఇక్కడెవరు కావాలి?" అన్నది.

ఇంటికాడ అక్కతోపాటు ఆవిడ భర్త దేవసహాయంగారు ఉండేవారు. రైలింజను డ్రైవరు. క్షయ వచ్చి, ఆస్పత్రిలో చాలాకాలం ఉండి, సూదిమందులన్నీ వేయించుకుని, సగం మనిషై తిరిగొచ్చారు. దొడ్డి వసారాలో మడతకుర్చీ వేసుకుని కూర్చునేవారు. లోకో షెడ్డు ఎంతో దూరం లేదు. ఇంజను కూత వినపడినప్పుడల్లా, అది ఏ ఇంజనో, ఏ డ్రైవరు చేతిలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవారు. డాక్టరు మాత్రం ఒకే మాట చెప్పి పంపాడట: "మందు మా వంతు అయిపోయింది. ఇక తిండి మీ వంతు. రోజూ గుడ్లు పడాలి లోపలికి." ఊళ్ళో గుడ్లు దొరికేవి కావు. తెల్లారకముందే గంపలకెత్తి మద్రాసు రైలెక్కించేవారు. అందుకని అక్క దొడ్లో కోళ్ళు పెంచింది. ఆ ఇంట్లో గుడ్డంటే వంటకం కాదు, ఆయన ప్రాణానికి రోజూ వేసే ఒక అతుకు.

కోళ్ళకు పేర్లు పెట్టింది దేవసహాయంగారు. ఎక్కలేని రైలును ఇంట్లోనే నడుపుకున్నట్టు అన్నీ స్టేషన్ల పేర్లే. అన్నిటికంటే పెద్దపెట్ట గూడూరు. "జంక్షనమ్మా. ఇది ఆగితే అన్నీ ఆగతాయి, ఇది కదిలితే అన్నీ కదులుతాయి. పైగా గూడున్న ఊరు," అనేవారు. కొడవలూరు ఒకటి, దాని ముక్కు నిజంగానే కొడవలి. కావలి అనే చిన్న పెట్ట ఒక్కచోట నిలబడేది కాదు. మిగిలినవాటి పేర్లు రోజుకొకటి మారేవి, చిన్న స్టేషన్లు కదా. ఇక గోధుమరంగు ఈకలతో, మెడ ఎత్తి, ఎవరితోనూ కలవకుండా ఓ మూల నిలబడే పెట్టను నేను వచ్చిన మర్నాడే మనుబోలు చేశారు. "మీ ఊరిదే వనజమ్మా. నిన్ను చూసినాక పేరు దొరికింది." నేను పల్లెటూరి పిల్లనే గానీ, కోళ్ళతో నా పరిచయం వడ్ల చాప దగ్గర మొదలై కూర దగ్గర ముగిసేది. మధ్యలో వాటికి ఇంత మనసుంటుందని నాకెవరూ చెప్పలేదు.

ఆ కోళ్ళను చెడగొట్టిందీ ఆయనే. పొద్దున్నే ఒళ్ళో చేట పెట్టుకుని "బా... బ్బాబ్బా" అని పిలిచి, గుప్పెడు గుప్పెడు నూకలు చల్లేవారు. తెల్లటి నూకలు. మరొకటి పెడితే ముట్టేవి కావు. జొన్నలు వేస్తే మనవైపు చూసేవి, పొరపాటున చెప్పు విసిరామేమోనన్నట్టు.

తరువాత బియ్యానికి కటకట వచ్చిన ఏడు వచ్చింది. వానలు మొహం చాటేశాయి. మా నాన్న మనుబోలు నుంచి పంపే మూట కూడా చిక్కిపోయింది. బడిలో పిల్లలు ప్రార్థనప్పుడు నిలబడలేక గోడకు ఆనుకునేవారు. అప్పుడొక పొద్దున, అక్క చేతిలో చేట ఉంది, నూకలు చల్లుతోంది. కంచె అవతల పక్కింటి కోటమ్మ నిలబడి చూస్తోంది. కోటమ్మ మొగుడు షెడ్డులో బొగ్గు మోస్తాడు, ఇంటినిండా పిల్లలు. నోరు పెద్దదని పేరు. ఆమె ఊరుకుంటే కాకులు కూడా అనుమానంగా చూసేవి. ఆరోజు మాత్రం చాలా నెమ్మదిగా అన్నది.

"మా ఇంట్లో ఈపొద్దు జావ దాంతోనే టీచరమ్మా."

అంతే అన్నది. ఎత్తిపొడుపు లేదు. అదే అక్కకు తగిలింది. చల్లబోయిన గుప్పెడు చేటలోకే తిరిగిపోయింది. అక్క చేటతో సహా కంచె దగ్గరకు వెళ్ళి కోటమ్మకు ఇచ్చి, ఖాళీ చేతులతో వచ్చి దొడ్లో నిలబడింది. కోళ్ళు చుట్టూ మూగాయి. "ఈ ఇంట్లో ఇంక కోడికి బియ్యపుగింజ లేదు. ఒక్క నూక కూడా లేదు," అన్నది. ఎవరితో అన్నదో తెలియదు. కోళ్ళతోనే అయ్యుంటుంది, అవే నొచ్చుకున్నట్టు కనపడ్డాయి.

"మరి గుడ్లు?" అన్నాను.

"గుడ్లు కావాల. నూకలు పెట్టకూడదు. రెండూ కావాల. చూద్దాం."

ఆవిడ "చూద్దాం" అంటే లోకంలో ఇంకెవరి "చూద్దాం" లాంటిదీ కాదు. మనం చూద్దాం అంటే ఆ సంగతి ఇక చూడబోమని. ఆవిడ అన్నదంటే అయిపోయేదాకా ఇంకేమీ చూడదని.

బ్లాకు ఆఫీసు నుంచి వచ్చే వ్యవసాయం ఆయన ఒక దాణా చెప్పిపోయాడు. తవుడు, వేరుశనగ చెక్క, సముద్రపు ఒడ్డునుంచి వచ్చే ఎండుచేపల తలకాయల పొడి, కాస్త ఆల్చిప్పల పొడి. వేడినీళ్ళు చిలకరించి పొడిపొడిగా కలపాలి. నూకల కన్నా బలం, గుడ్డు పెంకు గట్టిపడుతుంది అన్నాడు. అన్నీ నిజమే. కోళ్ళకు చెప్పకపోవడం ఒక్కటే లోపం. అక్క కొత్త మట్టి మూకుడులో పెట్టింది. గూడూరు వచ్చి, ఒక కన్నుతో చూసి, తల తిప్పి రెండో కన్నుతో చూసి, రెండు కళ్ళూ ఒప్పుకోలేదని తేల్చుకుని వెళ్ళిపోయింది. జంక్షను కదిలింది, లైనంతా కదిలింది.

"ఆకలైతే అవే తింటాయి," అన్నాను పల్లెటూరి పెద్దరికంతో. ఆకలైంది. తినలేదు. కంచె కింద పురుగులు ఏరుకున్నాయి, దేవసహాయంగారి కుర్చీ చుట్టూ తిరిగి ఆయన ముఖంలోకి చూశాయి. పాత నూకలు కొన్ని కలిపి పెడదామన్నాను. "నూక లేదన్నానా," అన్నది అక్క. సరే, నూకల రంగైనా కనపడాలని కాస్త తెల్లటి ఆల్చిప్పల పొడి ఎక్కువ చల్లాను. మా అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరినంత ఓపిగ్గా అవి ఆ తెల్లటి ముక్కలను మాత్రం ఏరుకు తిని, మిగతాదాన్ని కాళ్ళతో చిమ్మి పోయాయి. మూకుడు మార్చాం. చోటు మార్చాం. దేవసహాయంగారిచేత పిలిపించాం. ఆయన "బా" అంటే పరుగెత్తుకొచ్చేవి, చేటలోకి చూసి ఆగిపోయేవి. నమ్మించి మోసం చేసినవాణ్ణి చూసినట్టు చూసేవి. ఆయన చూపు దించుకునేవారు.

కంచె అవతల కోటమ్మకు పాత నోరు తిరిగొచ్చింది.

"ఏం టీచరమ్మా, కోళ్ళకు గూడా పరీక్ష పెడతండావా? అన్నీ తప్పినట్టుండాయే."

"మళ్ళా పెడతాం," అన్నది అక్క.

"ప్రార్థన చెయ్యరాదా మీ దేవుడికి?"

"చేసినా కోటమ్మా. నీకు చేతులిచ్చినా గదా, ముందు అవి వాడు అంటండాడు."

గుడ్లు తగ్గిపోయాయి. మొదట మనుబోలు మానేసింది. మా ఊరి పరువు అలా కాపాడింది. తరువాత కొడవలూరు. ఒకరోజు గూట్లో చెయ్యిపెడితే వెచ్చటి గడ్డి తప్ప ఏమీ తగల్లేదు. దేవసహాయంగారి చొక్కా భుజాల దగ్గర ఇంకా జారింది. అక్క ఏమీ అనేది కాదు గానీ, ఆయన స్నానం చేసి వచ్చినప్పుడు తువ్వాలు అందిస్తూ వీపు ఎముకల వైపు ఒకసారి చూసేది. ఆ చూపు చూస్తే నాకు భయం వేసేది. ఒకరోజు మిట్టమధ్యాహ్నం బడి నుంచి నేను ఏదో మరిచిపోయి ఇంటికొచ్చినప్పుడు ఆయన కుర్చీ కింద కోళ్ళన్నీ గుంపుగా ఉన్నాయి. ఆయన ఒళ్ళో అన్నం కంచం. తనకు పెట్టిన మెతుకులు తాను తినకుండా వాటికి వేస్తున్నారు. నన్ను చూసి చెయ్యి దాచుకోలేదు. "వాటిని చూస్తే ముద్ద దిగడంలేదమ్మే. మీ అక్కకు చెప్పబాక. సంతోషం బడిలో ఉన్నప్పుడే నాకీ సంతోషం," అని నవ్వబోయి దగ్గారు.

నేను చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు. నా వెనకాలే తాళంచెవుల కోసం అక్క వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది.

ఆవిడ కోపం నేను అదివరకు బడిలో చూశాను. ఇది అది కాదు. వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. "మీ కంచంలో మెతుకు దానికి. దాని గుడ్డు మీకు. అది గుడ్డు పెట్టేదాకా మీరుంటే గదా?" అన్నది. గొంతు పెరగలేదు. ఆయన కంచం ముందుకు లాక్కుని ఒక ముద్ద తిన్నారు. ఆవిడ లేచి, చీర దులుపుకుని, నాతో అన్నది: "పెట్టకు పెట్టకపోతే పెట్ట పెట్టదు. ఇంతవరకూ మనకు తెలుసు. పెట్టినా తినకపోతే ఏం చెయ్యాలో, అదీ తెలిసిపోతుంది. చూద్దాం. ఈ కార్తె మారేలోపల దారికి రాలేదా, కోళ్ళను కోటమ్మకిచ్చేస్తా. కోసుకుంటుందో, అమ్ముకుంటుందో. తర్వాత ఆయనకు గుడ్డు యాడ దొరుకుతుందో అదీ చూస్తా." పెట్ట, పెట్టడం అన్న మాటల గారడీకి మరోరోజైతే నేను నవ్వేదాన్నే. ఆరోజు నవ్వు రాలేదు. మళ్ళీ ఇద్దరం బడికి పోయాం. దారిలో ఆవిడ నాకన్నా రెండడుగులు ముందు నడిచింది.

ఆ తరువాత సముద్రం గాలికి ఒక జల్లు కొట్టింది. పంటలకు పనికొచ్చే వాన కాదు, మా దాణా గోనెను తడపడానికి సరిపోయిన వాన. పెంకుల సందునుంచి కారి గోనె అడుగు నానిపోయింది. బూజు పడితే అంతా పారబొయ్యాలి. ఆ శనివారం బడి లేదు. అక్క ఈతచాప తెచ్చి దొడ్లో పరిచి, దాణా అంతా దానిమీద పలచగా నెరిపింది. వెదురుకర్ర నా చేతికిచ్చి, "తడి ఆరేదాకా కావలి కాయమ్మే. కాకులు చెడ్డవి," అని లోపలికి పోయింది. కాకులే అన్నది. కోళ్ళ ఊసెత్తలేదు. వాటికోసమే కలిపిన మేతను అవి ముట్టవని మా ఇద్దరికీ అంత నమ్మకం.

నేను పీట మీద కూర్చున్నాను. చేతిలో పుస్తకం కూడా ఉంది. కాకులు రాలేదు. కాసేపటికి కావలి, ఆ చిన్న పెట్ట, తన దారిన తాను కంచె నుంచి గూటికి పోతూ చాప అంచు మీద కాలు పెట్టింది. పోతున్నదే గానీ మేతవైపు చూడను కూడా లేదు. అయితే మనుబోలు వైపు పుట్టిన పిల్ల ఎదుట చాప మీద ఏదైనా ఎండుతుండగా కోడి అడుగు పడితే ఏమవుతుంది? వడ్లా, మినుములా, మిరపకాయలా అన్న విచారణ ఉండదు. తల ఆలోచించకముందే చెయ్యి పనిచేస్తుంది. "ఉష్!" అని అరిచి, కర్రతో నేల మీద ఫట్టుమని కొట్టాను. ఆ ఊపులో పుస్తకం కింద పడేశాను.

కావలి ఎగిరి దూరం పోయింది. ఆగింది. వెనక్కి తిరిగింది. అప్పుడు, మొట్టమొదటిసారి, చాప మీద ఉన్నదాన్ని మర్యాదగా చూసింది. ఇంత గట్టిగా వద్దన్నారంటే ఇందులో ఏదో ఉందన్నమాట. నెమ్మదిగా అటుపక్క నుంచి చుట్టి వచ్చి, నేను పుస్తకం ఎత్తుకునేలోపల ఒక్క ముక్కు పొడిచి, నోట్లో ఉన్నది కింద పడిపోతుందేమోనన్నట్టు పరుగు తీసింది. నేను తరిమాను. తరుముతుంటే ఇటునుంచి కొడవలూరు వచ్చింది. దాన్ని తరిమితే గూడూరు. ఒక మూల నేనుంటే మూడు మూలలు వాటివి. కంచే చేను మేస్తే అని వింటాం. కావలే దొంగైతే ఇక కావలి కాసేదెవరు? నా అరుపులకు అక్క చేతికి పిండితో బయటకు వచ్చింది.

"ఆపలేకపోతండానక్కా," అన్నాను ఏడుపు గొంతుతో. కోళ్ళు తినకూడనిదేదో తింటున్నాయనే నా బాధ. తినాలని మేం మొక్కని దేవుడు లేడన్న సంగతి నాకు అప్పటికీ వెలగలేదు.

అక్క చాపవైపు చూసింది. గూడూరు చాప మధ్యకు చేరి, భయం భయంగా, ఆత్రంగా పొడుచుకు తింటోంది. అక్క ముఖం మీదకు ఆ పొదుపు చేసిన సంతోషం మెల్లగా రావడం చూశాను. నాకు అర్థమై కర్ర దించబోయాను.

"దించబాక," అన్నది. "తరుము. తగలనీబాక. గట్టిగా తరుము, నిదానంగా ఓడిపో."

వసారాలో దేవసహాయంగారు కుర్చీలో ముందుకు వంగి కూర్చున్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు: "ఏదెను తోటలో జరిగింది ఇదే గదా సంతోషం. తినొద్దన్నాడు, తిన్నారు. తినండయ్యా అనుంటే ఆ పండు ఈపొద్దుకీ చెట్టునే ఉండేది."

"అక్కడ తిన్నందుకు బయటికి పంపినాడు," అన్నది అక్క. "ఇక్కడ తింటేనే ఉండనిస్తాం."

అప్పటినుంచి ప్రతి పొద్దునా అదే నాటకం. బడికి పోయేముందు చాప పరవాలి, మేత నెరపాలి, పీట వేసుకుని నేను కాపలా కూర్చోవాలి. ఓడిపోవడం తేలికనుకుంటారు. కాదు. నేను చాలా చెడ్డగా ఓడిపోయేదాన్ని. అవి రాకముందే చూపు పక్కకు తిప్పేసేదాన్ని. అక్క కిటికీలోంచి చూసి, "అంత తొందరగా ఓడిపోతే దానికి విలువేముంటుందమ్మే? కష్టపడి దొంగిలించినామని వాటికి అనిపించాల," అనేది. ఆవిడ వచ్చి చేసి చూపించేది. కర్ర ఎత్తిన ఎత్తు, అరుపు, తరిమిన దూరం, సరిగ్గా వెనక్కి తిరిగే క్షణం... కోడి తెలివిని ఎక్కడా కించపరచని ఓటమి అది. కోటమ్మ కంచె మీద చేతులు పెట్టుకుని రోజూ చూసేది. "మేపడానికి తరమడం ఏందమ్మా? మా ఆయన్ని గూడా ఇట్టనే తరిమితే కూలికి పోతాడేమో," అనేది. ఒకరోజు ఆపుకోలేక కంచె అవతల నుంచి తానూ "ఉష్" అన్నది. ఆమెది మంచి గొంతు. కోళ్ళు బాగా నమ్మాయి. అక్క ఆమెను కూడా కావలిలో చేర్చుకుంది.

మిగిలింది మనుబోలు ఒక్కటే. అది దొంగతనం చేసేది కాదు. కర్ర ఎత్తితే తలెత్తుకుని వెళ్ళిపోయేది, వద్దంటే వద్దు అన్నట్టు. "మీ ఊరోళ్ళు చట్టానికి లోబడే మనుషులు," అన్నారు దేవసహాయంగారు. రెక్కల కింద చెయ్యిపెడితే రొమ్మెముక తగిలేది. అక్క దాన్ని గంప కింద ముయ్యనివ్వలేదు, నోరు తెరిచి కుక్కనివ్వలేదు. చాలాసేపు చూసి, "దీనికి నలుగురిలో తినడం నామోషీ," అని తేల్చింది. మిగతా కోళ్ళను ఇంటిముందుకు తోలి, నన్ను చాప పక్కనే కళ్ళు మూసుకుని నిద్ర నటించమన్నది. ఆ నటన నేను అద్భుతంగా చేశాను. నిజంగానే నిద్రపోయాను. లేచేసరికి చాప ఒక మూల గుండ్రంగా ఖాళీ అయి ఉంది. మనుబోలు దూరంగా, ఎప్పటిలాగే మెడ ఎత్తి, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది. ముక్కుకు మాత్రం తవుడు అంటుకుని ఉంది. కార్తె మారకముందే గూట్లో మళ్ళీ గుడ్లు కనపడ్డాయి. మొదటిదాన్ని అక్క చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, రెండు చేతులతో లోపలికి తీసుకుపోయింది.

ఇక్కడితో అయిపోతే ఇది కోళ్ళ కథ. కోళ్ళు దారికొచ్చేసరికి మనిషి దారితప్పాడు. గుడ్లు లేని రోజుల్లో దేవసహాయంగారి నోరు చచ్చిపోయింది. సగం ఉడికిన గుడ్డు ఎదుట పెడితే "పొద్దున తింటాలే" అనేవారు, పొద్దున పెడితే "సాయంత్రం" అనేవారు. బతిమాలితే ఇంకా తల తిప్పేసుకునేవారు. గూడూరు చూపే, అచ్చంగా. మూడోనాడో నాలుగోనాడో అక్క గుడ్డు ఉన్న గిన్నె తీసుకొచ్చి, ఆయన ఎదుటే నా ముందు పెట్టింది.

"నువ్వు తినమ్మే. ఆయనకు వద్దంట. ఎండలో పొద్దస్తమానం కోళ్ళను తరిమి తరిమి చిక్కిపొయ్యినావు."

నేను బిత్తరపోయి ఆవిడ ముఖం చూశాను. చేతిలో కర్ర లేదు గానీ ఆ ముఖం నాకు తెలుసు. ఎంత ఎత్తాలో అంతే ఎత్తింది. నేను కూడా నిదానంగా ఓడిపోవాలి కదా, చెంచా తీసుకుని, ఉప్పూ మిరియాలపొడీ చల్లుకుని, నోటిదాకా తీసుకువెళ్ళాను. దేవసహాయంగారు చెంచానే చూస్తున్నారు.

"ఇట్టియ్యి," అన్నారు.

"మీకొద్దన్నారు గదా," అన్నది అక్క.

"ఇట్టియ్యమంటండా."

ఇచ్చాను. ఆయన గిన్నె ఒళ్ళోకి లాక్కుని, మా ఇద్దరికీ అందకుండా కాస్త పక్కకు తిరిగి, మొత్తం తిన్నారు. అక్క వెంటనే లేచి లోపలికి వెళ్ళింది. వంటింట్లో గిన్నెలు అక్కర్లేని చప్పుడు చేశాయి. ఆ చప్పుడు అయ్యేదాకా ఆగి, ఆయన నా వైపు వంగి మెల్లగా అన్నారు: "నాకు తెలుసు వనజమ్మా. నేనేం కోడినా? కానీ ఆమె అంత కష్టపడి కర్ర ఎత్తినాక, దొంగతనం చెయ్యకపోతే మర్యాదగా ఉండదు."

ఆవిడకు ఆ సంగతి తెలుసో తెలియదో నేనెప్పుడూ అడగలేదు. ఆ తరువాత రోజూ ఆవిడ గిన్నె నా ముందే పెట్టేది. ఆయన రోజూ లాక్కునేవారు. ఎవరు ఎవరి చేతిలో ఓడిపోతున్నారో చెప్పడం కష్టమయ్యేది. చొక్కా భుజాల దగ్గర నిలబడింది. ఆయన్ని మళ్ళీ ఇంజను నడపనివ్వలేదు గానీ, షెడ్డులో కూర్చుని చేసే పని ఇచ్చారు. చేరిన మొదటిరోజు మధ్యాహ్నం బడిలో అక్క లెక్కలు చెబుతోంది. షెడ్డు వైపు నుంచి ఒక ఇంజను రెండు పొట్టికూతలు, ఒక పొడుగుకూత వేసింది. ఎవరి చేతో చెప్పడానికి ఆవిడకు కళ్ళు మూసుకోవలసిన పని లేకపోయింది. బల్లమీద వేస్తున్న అంకె ఆపి, సుద్దముక్క పట్టుకుని అట్లాగే నిలబడింది. పిల్లలు చూస్తున్నారు. "ఏందట్టా చూస్తారు, లెక్క చెయ్యండి," అన్నది. లెక్క ఇంకా పూర్తిగా వెయ్యలేదు.

నేను అక్కడ కొన్నేళ్ళు పనిచేసి బదిలీ మీద కొడవలూరు పక్క పల్లెకు వెళ్ళాను. ఆ బడిలో పుస్తకాల బీరువా ఒకటి ఉండేది. చదవండి చదవండి అని నేను ఎంత మొత్తుకున్నా పిల్లలు ఆ బీరువా వైపు ఒక కన్నుతో చూసి, రెండో కన్నుతో చూసి, వెళ్ళిపోయేవారు. ఆ చూపు నాకు బాగా పరిచయం. తుఫాను వెలిసిన తరువాత ఒకనాడు పుస్తకాలకు చెమ్మ తగిలిందని చెప్పి, వసారాలో ఈతచాప మీద అన్నీ పరిచాను. వెదురుకర్ర పట్టుకుని పీట వేసుకుని కూర్చున్నాను. "ఎవరూ ముట్టుకోబాకండి. మీకు కావు ఇవి," అన్నాను. ఆటల గంట కొట్టేసరికి చాప చుట్టూ కాళ్ళే. నేను ఒక మూల తరుముతుంటే మరో మూల నుంచి బొమ్మల పుస్తకం ఒకటి పావడా మడతల్లోకి మాయమైంది. నేను సరిగ్గా అప్పుడే తుమ్మాను.

ఆ రోజుల్లోనే అక్క నన్ను చూడ్డానికి వచ్చింది. అప్పటికి రిటైరైంది, చేతిలో దేవసహాయంగారు పంపిన గుడ్లబుట్ట. మనుబోలుకు మనవరాళ్ళు పుట్టాయని కబురు. వసారా మెట్ల మీద నిలబడి, చాపనూ, కర్రనూ, చుట్టూ మూగిన పిల్లలనూ చాలాసేపు చూసింది. మెచ్చుకుంటుందనుకున్నాను. దగ్గరకు వచ్చి, పిల్లలకు వినపడకుండా, నా చెవిలో అన్నది:

"నువ్వింకా తొందరగానే ఓడిపోతండావమ్మే."

వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. బిట్రగుంటలో ఆ పొగ ఇంజన్లూ లేవు. ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పి, పిల్లల్ని పెంచి, అత్తగారినై, ఎదుటివాళ్ళకు మంచిదని నాకనిపించినదాన్ని వాళ్ళ నోట్లో కుక్కాలన్న తొందర పుట్టినప్పుడల్లా ఆ మాట నా చెవిలో పడుతుంది. మంచిదని చెప్పడం సగం పనే. దాన్ని వాళ్ళు తమ సొంత తెలివితో సంపాదించుకున్నామనుకునేలా పక్కకు తప్పుకోవడం మిగతా సగం. ఆ రెండో సగం నాకింకా పూర్తిగా రాలేదు. రోజూ సాధన చేస్తున్నాను.

కాఫీ చల్లారిపోయింది. కిటికీ కింద పాలవాళ్ళ గేదె తొట్టి అంచు మీద ఎవరిదో కోడిపెట్ట ఒకటి నిలబడి, తవుడును ఒక కన్నుతో, నన్ను ఒక కన్నుతో చూస్తోంది. నేను కర్ర లేని చెయ్యి ఎత్తాను. ఎంత ఎత్తాలో అంతే ఎత్తి, "ఉష్" అన్నాను. అది రెండడుగులు వెనక్కి వేసింది. తొందరపడలేదు నేను. మరోసారి గట్టిగా అని, అప్పుడు, నిదానంగా, ముఖం అటు తిప్పుకున్నాను.